ముద్దలో పై సగం

నా దగ్గర ముప్పై ఒక్క డైరీలున్నాయి. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి రిటైరైన ఏడాది దాకా, ఏడాదికొకటి. ఏ రోజు ఏ ఇంటికి వెళ్లాను, ఎవరికి ఏ సూది వేశాను, బస్సు ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వచ్చింది, అన్నీ ఉంటాయి. కొత్తగా ఆరోగ్య ఉపకేంద్రాల్లో నర్సులుగా చేరిన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రికార్డులు తప్పు లేకుండా రాయడం ఎలా అని అడుగుతారు. చెబుతాను. వాళ్లు వెళ్లిపోయాక ప్రతిసారీ చెప్పనిది ఒకటి మిగిలిపోతుంది. ఇరవై తొమ్మిదో డైరీలో ఉండాల్సి ఉండి, నేను రాయకుండా వదిలేసిన ఒక పేజీ అది. ఆ అమ్మాయిల కోసమే ఇప్పుడు రాస్తున్నాను.

నా ఉపకేంద్రం బలసముద్రానికి మూడు కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లో ఉండేది. రెండు వందల పన్నెండు ఇళ్లు. నేను వెళ్లిన కొత్తలో ఊరి చుట్టూ శనగచేలు, గొర్రెలు. ఆఖరి నాలుగైదేళ్లలో ఆ చేలన్నీ సోలార్ పార్కుకు ఇరవై ఎనిమిదేళ్ల గుత్తకు వెళ్లాయి. కంచె దాకా అద్దాల పలకలు పరిచారు. ఊళ్లో వాళ్లు వాటిని ప్లేట్లు అంటారు. ఆడవాళ్లు ప్లేట్లు కడగడానికి, మగవాళ్లు వాటి మధ్య గడ్డి కోయడానికి కూలికి వెళ్లేవాళ్లు. అందరికీ పని దొరికేది కాదు.

నాకు ఒక గర్వం ఉండేది. దాన్ని దాచను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లే. నా లెక్కలో క్షయ రోగులు పదిహేడు మంది. ఆరు నెలల మందును పదిహేడు మందీ పూర్తి చేశారు. ఒక్కరూ మధ్యలో మానలేదు. రోజూ నా ఎదుటే మాత్ర మింగించి, నోరు తెరిపించి చూసేదాన్ని. తాలూకా మీటింగులో పెద్ద డాక్టరు నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు.

ఇక రిజిస్టర్ల సంగతి. గర్భిణులకు ఒకటి, పసిపిల్లలకు ఒకటి, జంటలకు ఒకటి. జంటల రిజిస్టర్లో భార్యకు పిల్లలు కాకుండా ఆపరేషన్ అయ్యేదాకానే వివరాలు రాస్తాం. అయిన రోజున ఎర్ర సిరాతో అడ్డగీత గీస్తాం. భర్త ఆమె పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటాడు. ఆ గీత పడ్డాక అతనికి ఏమైందో రాయడానికి గడి ఉండదు. నేను చెప్పబోయే జంటకు ఆ గీత పడి అప్పటికి ఇరవై రెండేళ్లయింది. ఒక్కతే కూతురు, పెళ్లయి మడకశిర దగ్గర ఉండేది.

ఆ జంటలో భార్య నా దగ్గరికి మొదటిసారి వచ్చింది మే నెల చివరి సోమవారం. తలనొప్పి అంది. బీపీ చూశాను, బాగానే ఉంది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు అడిగాను.

"ఏందమ్మా నీ బాధ? తలకాయలో ఏమీ లేదు."

"మా ఇంట్లో ఆయప్పతో ఏగలేకపోతాండా నర్సమ్మా. ఉప్పు ఎక్కువంటాడు. మరుసనాడు తగ్గించి వేస్తే, ఇది ఉప్పు కాదు, ఇంకేందో అంటాడు. పళ్లెం ఇసిరేస్తాడు. నీళ్లకి కొళాయి కాడికి పోతే ఎనకాలే వస్తాడు."

"తాగుతాడా?"

"చుక్క ముట్టడు. తాగినా బాగుండు, తాగుబోతోడని చెప్పుకుందును."

ఊళ్లో ఆశా కార్యకర్తగా ఉన్న ఆవిడ గుమ్మంలో కూర్చుని పిల్లల బరువుల పట్టిక నింపుతోంది. మనసు మంచిది, నోరే ఊరుకోదు. "భూములు గుత్తకిచ్చినాక మొగోళ్లకి సేద్యం యాడుండాది? పెండ్లాల మింద సూపర్‌వైజర్లయినారు" అంది. నేనూ నవ్వాను. ఆమె కూడా కొంచెం నవ్వింది. "పని లేక అట్లయినాడులే. నువ్వే రవ్వంత సర్దుకో" అని చెప్పి పంపించాను.

డైరీలో 'ఇంటి గొడవ' అని రాసుకున్నాను. జూన్ నెల అయిపోయేసరికి ఆ మాట నాలుగుసార్లు ఉంది. నాలుగుసార్లూ ఆమె పేరు కిందే.

జూలైలో ఇంటింటికీ వెళ్లి నీళ్లలో దోమపిల్లలు ఉన్నాయేమో చూసే పని ఉంటుంది. అలా వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ఒక పక్కగా ఇత్తడి బిందె ఉంది. మూత చుట్టూ తెల్లదారం కట్టి ఉంది. మూత తియ్యమన్నాను. ఆమె భర్త వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి, సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. అరిచే మనిషిలా లేడు.

"ముందు ముడులు లెక్కపెట్టండమ్మా" అన్నాడు.

లెక్కపెట్టాను. "ఆరు."

"రాత్రి ఏడు వేసినా."

"నీళ్ల బిందెకి ముడులు యాలప్పా?"

లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "గుత్త కాగితంలో ఆమె సంతకం గూడా ఉండాది. ఆ దినం నుంచి ఆఫీసోళ్లు ఆమెతో మాట్లాడ్తాండారు. ప్లేట్ల కింద నుంచి మా గోడ దాకా వైరు తెచ్చినారు. నేను లేకపోతే భూమంతా ఆమెదవుతాదని చెప్తాండారు."

"నువ్వు చూసినావా?"

"ఇనపడ్తాది." అని, నా చేతిలోని డైరీ వైపు వేలు చూపించాడు. "మీరు లెక్కగా రాసుకునే మనిషి. ఊళ్లో అందరికీ తెలుసు. రాసుకోండి. రేపు నాకేమన్నా అయితే సాక్ష్యముండాల."

రాశాను. రాత్రి ఏడు, పొద్దున ఆరు. తేదీ వేశాను. చదివి వినిపించమన్నాడు, వినిపించాను. భుజాల మీది మూట ఎవరో దించినట్టు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే ఆమె నాకు గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఏ ఇంట్లోనూ తినకూడదు, తాగకూడదు అని నాకు నేను పెట్టుకున్న నియమం. ఒక ఇంట్లో తాగి ఇంకో ఇంట్లో తాగకపోతే మాటలొస్తాయి. ముప్పై ఏళ్లూ పాటించాను. వద్దమ్మా అని గ్లాసు తిరిగి ఇచ్చాను. అతను కళ్లు తెరిచి గ్లాసు వైపు, నా వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్లాక మెల్లగా అన్నాడు. "చూసినా. మీరు గూడా తాగలే."

నా నియమం అతని లెక్కలో ఒక సాక్ష్యమైపోయింది. అది కూడా నాకు వెంటనే తట్టలేదు. బస్సులో తిరిగి వస్తుంటే, కంచె వెంట ప్లేట్లు వరసగా వెనక్కి పోతుంటే తట్టింది. 'ఇంటి గొడవ' అన్న మాట తప్పనీ అప్పుడే అర్థమైంది. ఆమె నాలుగుసార్లు వచ్చి చెప్పింది ఒక రోగి గురించి. నేను రాసుకున్నది ఒక మొగుడి గురించి.

తాలూకా ఆసుపత్రికి ప్రతి నెలా రెండో గురువారం మనోరోగాల డాక్టరు వచ్చేవాడు. నిద్ర పట్టడం లేదన్నావు కదా, దానికి చూపిద్దాం రమ్మంటే అతను వచ్చాడు. నేను అన్నందుకే వచ్చాడు. డాక్టరు అతనితో ముప్పావు గంట మాట్లాడాడు. తర్వాత మా ఇద్దర్నీ, అంటే ఆమెనూ నన్నూ పిలిచాడు.

"దీనికి ఈరోజే ఒక పేరు పెట్టను. ఇంకా కొన్ని నెలలు చూడాలి. కానీ ఇది కోపం కాదు, దుర్మార్గం కాదు. అనుమానమే జబ్బుగా మారే పరిస్థితులు ఉంటాయి. అతనికి వినబడేది అతనికి నిజమే" అన్నాడు.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "అయితే నా మింద కోపం లేదా సార్?"

"లేదమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. మూడేళ్లుగా ఆ మనిషి తనను అసహ్యించుకుంటున్నాడనే అనుకుందట.

వచ్చేటప్పుడు డాక్టరు నాతో విడిగా ఒక మాట చెప్పాడు. "కొన్నాళ్లకు మందు మానేస్తాడు. మామూలే. అప్పుడు నాకు ఫోన్ చేయండి, నేనే వస్తాను. చెప్పకుండా అన్నంలో కలపడం మాత్రం చేయకండి." ఈ మాట నా డైరీలో ఉంది. కింద గీత కూడా గీశాను.

పద్దెనిమిది రోజులు మాత్ర వేసుకున్నాడు. నిద్రపోయాడు. రెండు ముద్దలు తిన్నాడు. గడ్డి కోయడానికి నాలుగు రోజులు కూలికి కూడా వెళ్లాడు. బిందెకు దారం కట్టడం మానేశాడని ఆమె చెప్పిన రోజు నేను ఆశా కార్యకర్తకు టీ ఇప్పించాను. పందొమ్మిదో రోజు నోట్లో చొంగ ఊరుతోంది, చేతులు బిగుసుకుంటున్నాయి అన్నాడు. అదే సమయానికి అతని అన్న దిగాడు. ఊళ్లో పెద్దమనిషి, పాల డైరీకి అధ్యక్షుడు. "పిచ్చి మాత్రలంట! మా ఇంట్లో పిచ్చోళ్లు యాడుండారప్పా? పారేయ్" అన్నాడు. పారేశాడు. వారంలో బిందెకు దారం వచ్చింది.

సెప్టెంబరు నెలలో ఒక మధ్యాహ్నం ఆమె ఉపకేంద్రానికి వచ్చింది. ముంజేతికి కట్టు ఉంది. పళ్లెం విసిరితే తగిలిందట.

"నా వల్ల గాదు నర్సమ్మా. మా అమ్మోళ్లింటికి పోతా. మాత్ర ఎయ్యప్పా అంటే, ఇది నువ్వు కొన్న విషమంటాడు."

డాక్టరు రావడానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఫోన్ చేయవచ్చు. నేనే వస్తానన్నాడు కదా. ఫోన్ బల్ల మీదే ఉంది. కానీ నా మనసులో మెదిలింది ఆ పదిహేడు. పద్దెనిమిదో మనిషి మధ్యలో మానేశాడని ఇంకొకరికి ఫోన్ చేసి చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అదే నిజం. ఇంతకాలానికి ఇంకో కారణం కల్పించి రాయలేను.

"ముద్దలో పెట్టు" అన్నాను.

మా వైపు రాగిసంగటి ముద్దను నమలరు. కొద్దికొద్దిగా తుంచి, ఊరుబిండి పచ్చడిలోనో పులుసులోనో అద్ది మింగేస్తారు. అన్నంలోనైతే మాత్ర పంటికి తగులుతుంది. ముద్దలో తగలదు. ఈ ఆలోచన వచ్చినందుకు ఆ క్షణంలో నన్ను నేను మెచ్చుకున్నాను.

"తప్పు గాదా అమ్మా? ఆయప్ప అనేది గూడా అదే గదా, నేను కూట్లో ఏందో కలుపుతానని."

ఆమె చదువుకోలేదు. ఆ ప్రశ్న నేను అడగాల్సింది, ఆమె అడిగింది.

"విషం వేరు, మందు వేరు" అన్నాను. "పగటి ముద్దలో పెట్టు. పై సగంలో పెట్టు. అప్పుడు ముందు అదే తింటాడు. ఒకవేళ కడుపు నిండి మిగిల్చినా మందు మాత్రం లోపలికి పోయి ఉంటుంది."

ఇంత జాగ్రత్తగా చెప్పాను. పై సగం.

రెండు నెలలు నడిచింది. నెలకు ముప్పై మాత్రలు. ఖాళీ అయిన అట్టలు తెచ్చి చూపించమన్నాను, తెచ్చేది. అరవై ఇచ్చాను, అరవై ఖాళీలు తిరిగి వచ్చాయి. డాక్టరుతో మందు నడుస్తోందని మాత్రం చెప్పాను. ఎలా నడుస్తోందో చెప్పలేదు. పళ్లెం కూడా ఖాళీగానే వస్తోందని ఆమె అనేది. అతను పళ్లెం తీసుకుని పెరట్లోకి వెళ్లి, ఇంటికి వీపు పెట్టి కూర్చుని తినేవాడు. అరవైకి అరవై. డైరీలో పక్కన టిక్కు పెట్టాను.

అతను మాత్రం కోలుకోలేదు. దారం ముడులు పదకొండు అయ్యాయి. లెక్క సరిపోతోంది, మనిషి సరిపోవడం లేదు. ముప్పై ఏళ్ల నర్సుకు అక్కడ అనుమానం రావాలి. కొందరికి మందు ఆలస్యంగా పని చేస్తుందిలే అనుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. నవంబరు మొదట్లో ఆశా కార్యకర్త ఆ ఇంటి నుంచి వచ్చి ఒక జోకు వేసింది. "ఆ ఇంటి కుక్క గూడా గుత్త తింటాండాది నర్సమ్మా. పొద్దుగూకే దాకా పండుకునే ఉండాది. మనిషి దాటుకుని పోయినా లేయదు." కడుపు పట్టుకుని నవ్వాం.

అతను ముద్దను చేత్తో రెండుగా విరిచేవాడు. పై సగం కుక్కకు వేసేవాడు. కుక్కకు ఏమీ కాలేదని చూసుకుని, అప్పుడు కింది సగం తినేవాడు. రెండు నెలలు ఆ కుక్క నా మందు వేసుకుంది.

నవంబరు మూడో శుక్రవారం. ఉదయం ఏడూ నలభైకి ఉపకేంద్రం తలుపు తీస్తుంటే ఒకాయన సైకిలు మీద వచ్చాడు. "పాల డైరీ కాడ పంచాయితీ ఉండాది. నిన్ను రమ్మంటాండాడు. పుస్తకం గూడా తెమ్మన్నాడు" అన్నాడు. ఎవరు రమ్మన్నారని అడిగితే అతని పేరే చెప్పాడు.

పాలు పోయడానికి వచ్చినవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అరుగు మీద అన్న కూర్చుని ఉన్నాడు. కింద అతను, చేతుల్లో పసిబిడ్డలా ఆ కుక్క. దాని తల వాలిపోయి ఉంది, కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. పక్కన పళ్లెంలో నిన్నటి ముద్ద, ఎండిపోయి ఉంది. ఆమె కొంచెం ఎడంగా, పాల డైరీ గోడకు ఆనుకుని నిలబడింది.

నన్ను చూడగానే అతని ముఖం వెలిగింది. ఆ వెలుగు నేను మరచిపోలేదు. నావాళ్లు ఒకరొచ్చారు అన్నట్టు చూశాడు.

"ఈమె అంతా రాసి పెట్టింది. ముడులు గూడా రాసింది. ఇప్పుడు మీరు చూడండప్పా" అని కుక్కను నేల మీద పడుకోబెట్టి, ముద్దను అందరి ముందూ విరిచాడు. పై సగంలో తెల్లటి మాత్ర. నీళ్లు తగిలి అంచులు కొద్దిగా కరిగాయి.

ఒక పాలడబ్బా మూత కింద పడి దొర్లింది.

"చెప్పినానా లేదా? మూడేళ్లుగా చెప్తాండానా లేదా? పిచ్చోడంటిరి. రాసుకోండమ్మా" అన్నాడు నాతో. "తేదీ వేసి రాసుకోండి."

పెన్ను చేతిలోనే ఉంది.

అన్న ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మే, ఏందిది? ఎవరిచ్చినారు నీకు?"

ఆమె నన్ను చూసింది. చాలాసేపేమీ కాదు. ఆ ఊళ్లో అందరి బిడ్డలూ నా చేతుల్లో పుట్టారు. నా మాట పోతే రేపు సూదులు ఎవరు వేయించుకుంటారో ఆమెకు తెలుసు. లేదా అవేవీ కాదేమో, నేను చెబుతానేమోనని చూసిందేమో. నేను నోరు తెరిచాను. "అది విషం కాదు, మందే. కుక్కకు ఏమీ కాదు" అన్నాను. అక్కడితో ఆగిపోయాను. ఎవరు పెట్టమన్నారో చెప్పలేదు.

"నేనే" అంది ఆమె. "నేనే పెట్టినా."

"మొగునికి దొంగతనంగా మాత్రలు పెట్టేదానివి, రేపు ఇంకేం పెడతావో!" అన్నాడు అన్న. "పో. నీ అమ్మోళ్లింటికి పో."

అదే రోజు పదకొండున్నర బస్సుకు ఆమె పుట్టిల్లు నాగలమడికకు వెళ్లిపోయింది. చేతిలో ఒక సంచీ. బస్సు ఉపకేంద్రం ముందు నుంచే వెళుతుంది. నేను లోపల కూర్చుని టీకాల పెట్టెలో ఐసు గడ్డలు లెక్కపెడుతున్నాను. ఆ రోజు డైరీలో ఉన్నది ఇంతే: టీకాలు పద్నాలుగు, హాజరు పన్నెండు. పాల డైరీ ముందు జరిగినదాని గురించి ఒక్క అక్షరం లేదు. తేదీ వేసి రాసుకోమని అతను నోరు విడిచి అడిగాడు.

డాక్టరుకు డిసెంబరు రెండో గురువారం అన్నీ చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అతని అనుమానానికి ఆధారం లేదు. అదొక్కటే మనకున్న బలం. దాన్ని మీరు తీసుకెళ్లి అతని పళ్లెంలో పెట్టారు."

డాక్టరే రెండుసార్లు ఊరికి వెళ్లాడు. అతను తలుపు తీయలేదు. నాకూ తీయలేదు. నా మీద కోపమేమీ లేదు, అప్పటికి నా సంగతి అతనికి తెలియదు. నేను ఆ రోజు రాసుకోలేదని మాత్రం చూశాడు. అది చాలు. ఎవరు వండిందీ తినేవాడు కాదు. పొట్టుతో ఉన్న శనక్కాయలు తనే ఒలుచుకుని తినేవాడు. అరటిపండు, ఉడికించిన గుడ్డు. తొక్క ఉన్నవి, పెంకు ఉన్నవి. లోపల ఎవరూ ఏమీ పెట్టలేనివి. మనిషి సగమయ్యాడు. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఆమె మాట వస్తే 'మాత్రలామె' అనడం మొదలుపెట్టారు. నేను వింటూనే పిల్లల బరువులు చూసేదాన్ని.

ఇలా పద్నాలుగు నెలలు. ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలే ఉంది, అందుకు. సర్వీసు రికార్డులో మచ్చ లేకుండా దిగిపోవాలని. ఇంత చిన్న సంగతి.

జనవరి ఆఖరు రోజున వీడ్కోలు సభ పెట్టారు. అదే పాల డైరీ ముందు. అన్న తన చేత్తో నాకు శాలువా కప్పి, "ముప్పై ఏండ్లలో ఒక తప్పు లేదప్పా ఈమె లెక్కలో" అన్నాడు. చప్పట్లు కొట్టారు. జనం వెనకాల, కరెంటు స్తంభం పక్కన, అతను నిలబడి ఉన్నాడు. చొక్కా వదులై భుజం మీద నుంచి జారుతోంది.

శాలువా తీసి కుర్చీ మీద పెట్టాను. మాత్ర ముద్దలో పెట్టమన్నది నేను, పై సగంలో పెట్టమన్నదీ నేనే, వద్దని డాక్టరు చెప్పాక కూడా చెప్పాను, ఆమె తప్పు గాదా అని అడిగింది, కాదన్నాను, అని వరసగా చెప్పాను. రాసుకుని చదివినట్టే చెప్పాను.

అన్న కుర్చీ మీది శాలువా తీసి మడతపెట్టాడు. "ఇన్ని దినాలు యాల చెప్పలేదమ్మా?"

"భయపడ్డాను."

"దాన్ని ఊరి నుంచి తరిమితిని గదమ్మా నేను." ఆ మాట నాతో అన్నట్టు లేదు. మరుసటి ఆదివారం ఆయనే నాగలమడిక వెళ్లి ఆమెను తీసుకొచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

నేను పావగడలో ఇల్లు తీసుకున్నాను. ప్రతి మంగళవారం బస్సెక్కి ఆ ఊరికి వెళ్లేదాన్ని, జీతం లేని డ్యూటీ. మొదటి రెండు మంగళవారాలు అతను తలుపు తీయలేదు. మూడోసారి తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకా చెప్పాల్సిందేమన్నా ఉండాదా?"

"లేదప్పా. అంతే."

"పాల డైరీ కాడ అందరి ముందు చెప్పిందంతా రాసినారా?"

"రాశాను." చూపించాను. చదివి వినిపించమన్నాడు. పూర్తిగా వినిపించాను. విన్నాక, "మాత్ర ఏదీ, చూపించండి" అన్నాడు.

దాని పేరు చెప్పాను, దేనికో చెప్పాను, నోట్లో చొంగ ఊరుతుందని, ఊరితే డాక్టరు మోతాదు మారుస్తాడని చెప్పాను. వేసుకుంటావో లేదో నీ ఇష్టం అన్నాను. ఆ రోజు వేసుకోలేదు. ఆరో మంగళవారం వేసుకున్నాడు.

ఇప్పుడు తన మాత్రల అట్ట చొక్కా జేబులో తనే పెట్టుకుంటాడు. రెండో గురువారం తనే బస్సెక్కి వెళతాడు. ప్లేట్ల మధ్య గడ్డి కోస్తాడు. వైరు సంగతి అడిగితే, "ఇనపడ్తాది అప్పుడప్పుడు. దాంతో నాకు పని లేదు" అంటాడు. బిందెకు దారం లేదు. డాక్టరు దీన్ని మంచి ఫలితమే అంటాడు. నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. అతని వంట అతనే చేసుకుంటాడు. ఒకసారి నేనే అడిగాను. "మందే అని తెలుసు గదా ఇప్పుడు?"

"తెలుసమ్మా. ఆమె మంచిదని గూడా తెలుసు." కుడి చెయ్యి చాపి చూపించాడు. "ఆమె ముద్ద కాడికి ఈ చెయ్యి పోదు."

ఆమె రోజూ పగలు రెండు ముద్దలు చేస్తుంది. ఒకటి తను తింటుంది. రెండోది పళ్లెంలో పెట్టి పెరటి మెట్టు మీద ఉంచుతుంది. పాత కుక్క ముసలిదై చచ్చిపోయింది. ఇప్పుడున్నది గోధుమరంగుది, చురుకైనది. అతను ఎదురుగా కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటుంటే ఆ కుక్క వచ్చి ముద్ద మొత్తం తింటుంది. తిని కోళ్ల వెంట పరుగెడుతుంది. ఆమె దాన్ని ఎందుకు పెడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కుక్క నిద్రపోవడం లేదని అతను చూడాలి. ఒక రోజు కాకపోతే ఒక రోజు చూసి లేచి రావాలి. నా లెక్క ప్రకారం ఆమె తిరిగి వచ్చిన రోజు నుంచి పోయిన మంగళవారానికి పంతొమ్మిది వందల ఎనభై నాలుగు ముద్దలు.

ఆ మంగళవారం నేను వెళ్లేసరికి ఆమె పళ్లెం మెట్టు మీద పెట్టబోతోంది. మోకాళ్లు పట్టుకుని వంగుతోంది. నాకు డెబ్బై దగ్గరకొస్తున్నాయి, ఆమెకూ జుట్టంతా నెరిసింది. ఇలా ఇంకా ఎన్ని ముద్దలు అనుకున్నాను. చెయ్యి చాపి, "ఇట్లా ఇయ్యి" అన్నాను.

"నువ్వు తినవు గదా నర్సమ్మా, ఎవరింట్లోనూ."

"ఇప్పుడు డ్యూటీలో లేను."

మెట్టు మీద కూర్చున్నాను. ఊరుబిండి వేసింది. అతను ఎదురుగా, చేటలో శనక్కాయలతో. ఒలుస్తున్న అతని చేతులు ఆగిపోయాయి. నేను ముద్దను విరవలేదు. పై నుంచి కొద్దికొద్దిగా తుంచి, అద్దుకుని, మింగాను. కుక్క వచ్చి నా మోకాలి దగ్గర నిలబడింది, దానికి పెట్టలేదు. ముద్ద అంతా తినడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె గుమ్మంలోనే ఉండిపోయింది. ఖాళీ పళ్లెం పక్కన పెట్టాక అతను గొంతు సవరించుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?"

"సరిపోయింది."

"సరిపోతాది" అన్నాడు. "ఆమె చేతికి ఉప్పు ఎప్పుడూ తప్పదు."

చేట పక్కన పెట్టి లేచాడు. ఆమె గుమ్మంలో నుంచి కొంచెం పక్కకు జరిగి దారి ఇచ్చింది. అతను ఆమెను దాటుకుని లోపలికి వెళ్లి, తన పొయ్యి మీద ఎసరు పెట్టుకున్నాడు.